ఉద్దానం చరిత్రకు చిట్టా రాసేదెవరు?

పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతాల్లో సంఘాలకు కొదవ లేదు. యువజన సంఘాలు, భజన సమాజాలు, మత్స్యకారుల సహకార సంఘాలు, కొబ్బరి రైతుల సంఘాలు, జీడి కార్మికుల సంఘాలు అడుగడుగునా కనిపిస్తాయి. ఊరి చరిత్రను నమోదు చేసి భద్రపరచే సంఘం మాత్రం అరుదు. ఎవరైనా పూనుకుని పెట్టినా, ప్రారంభోత్సవం నాటి హుషారు మరుసటి ఏడాదికి వుండదు. డబ్బు లేకపోవడమే దీనికి కారణమని చెబుతూ వుంటారు. అది పూర్తిగా నిజం కాదు. జీతం లేని పనిలో ఎవరు ఏ బాధ్యత మోయాలో ముందుగా తేల్చుకోకపోవడమే అసలు కారణం.

సంఘం పెట్టడం ఏమంత కష్టం కాదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిసి నిబంధనావళి రాసుకుని, రుసుము చెల్లిస్తే రిజిస్ట్రేషన్ అవుతుంది. కష్టమంతా ఆ తర్వాతనే. గౌరవాధ్యక్షుడు, అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, ఇద్దరు సహాయ కార్యదర్శులు, కోశాధికారి, ఆపైన సలహాదారులు. కరపత్రంలో ఎవరి పేరు ముందు వేయాలన్న దగ్గరే నెల రోజులు గడిచిపోతాయి. ఇన్ని పదవుల్లో పాత కాగితం దులిపే పదవి ఒక్కటీ వుండదు. ముసలివారి పక్కన కూర్చుని వారు చెప్పింది రాసుకునే పదవి వుండదు. పెట్టె తాళం చెవి ఎవరి దగ్గర వుండాలో ఏ తీర్మానంలోనూ కనిపించదు.

ఇక జాప్యం చేయడానికి వ్యవధి కూడా లేదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అది ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం జమీందారును ఎదిరించిన రైతుల పక్షాన నిలిచిన సాసుమాన గున్నమ్మ ఆ కాల్పుల్లో నేలకొరిగింది. వీరగున్నమ్మ పేరు ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమెతో పాటు ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల పేర్లు ఎంతమంది చెప్పగలరు? ఆనాడు అరెస్టయిన వారిని ఏ జైలుకు పంపారు? వారు లేని రోజుల్లో వారి పొలాలు ఎవరు దున్నారు? ఆడవాళ్లు పిల్లలను తీసుకుని ఎక్కడ తలదాచుకున్నారు? ఆనాటికి పదేళ్లున్న పిల్లవాడు నేడు బతికి వుంటే తొంభై ఏళ్లు పైబడినవాడై వుండాలి. ఈ ప్రశ్నలు ఎవరిని అడగాలి?

బర్మా సంగతీ అంతే. బారువ, కళింగపట్నం రేవుల్లో స్టీమరు ఎక్కి రంగూన్ వెళ్లిన కుటుంబాలు ఈ తీరంలో ఎన్నో వున్నాయి. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు అడవులు, కొండలు దాటి కాలినడకన వచ్చినవారున్నారు. దారిలోనే పోయినవారున్నారు. 1960 దశకంలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగి వచ్చినవారున్నారు. బర్మా టేకు పెట్టె ఒకటి, రంగూన్ స్టూడియోలో తీయించుకున్న ఫొటో ఒకటి కొన్ని ఇళ్లలో ఇంకా కనిపిస్తాయి. ఆ ఫొటోలో నిలబడిన మనుషులెవరో చెప్పగల ముసలమ్మ పోయిన రోజున అది వట్టి అట్టముక్కగా మిగులుతుంది.

ఉద్దానంలో ఇంకొక విషాదం వుంది. అది అందరికీ తెలిసినదే. మూత్రపిండాల వ్యాధి ఈ గ్రామాల్లో నడివయసు వారిని తీసుకుపోతోంది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేకపోయారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వైద్యం మాట అటుంచితే, వేరే ప్రాంతాల్లో తాత మనవడికి చెప్పే సంగతులు ఇక్కడ మధ్యలోనే తెగిపోతున్నాయి. తాత కంటే ముందు తండ్రి పోతున్న ఇళ్లున్నాయి. ఈ మాట రాయడం బాధాకరమే అయినా, ఈ ప్రాంతంలో చరిత్ర సంఘం పెట్టదలచినవారు మొదట గుర్తుంచుకోవలసినది ఇదే. డెబ్బయి ఏళ్ల వారి దగ్గరకే వెళ్తామంటే ఇక్కడ కుదరదు. యాభై ఏళ్ల వారిని కూడా ఇప్పుడే అడిగి రాసుకోవాలి. పైగా ఊళ్లో ఏ బావి ఏ సంవత్సరంలో తవ్వారు, ఎప్పటి నుంచి బోరు నీళ్లు తాగుతున్నారు, తోటల్లో ఏ మందు ఎప్పటి నుంచి చల్లుతున్నారు అన్న వివరాలు ఒక పుస్తకంలో వుంటే, అవి చరిత్రకే కాక రేపు పరిశోధకులకు కూడా పనికిరావచ్చు.

అటకమీద దస్త్రాలు

మనుషుల సంగతి అలా వుండగా, కాగితాల పరిస్థితి మరీ అధ్వాన్నం. 1984 జనవరిలో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు ప్రభుత్వ రికార్డులు ప్రభుత్వానికి చేరాయి. ప్రభుత్వానివి కాని కాగితాలు ఇళ్లలోనే వుండిపోయాయి. జమీందారీ నాటి శిస్తు రశీదులు, ముచ్చిలికాలు, దాన పత్రాలు, చెరువు నీటి వంతుల కాగితాలు, ఊరి పెద్దలు రాయించిన రాజీనామాలు గుడ్డలో కట్టి అటకమీద పెట్టినవి పెట్టినట్టే వున్నాయి. కొడుకులు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో స్థిరపడ్డారు. పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు ఆ కట్టలు పాత సామాన్ల వాడికి తూకానికి పోతున్నాయి.

తూకానికి పోనివి నీళ్ల పాలయ్యాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చిపెట్టింది. కొబ్బరి చెట్లు ఎన్ని పడ్డాయో, జీడి తోటలు ఎన్ని ఎకరాలు పోయాయో అధికారులు లెక్క వేశారు. పెంకులు లేచిపోయిన ఇళ్లలో తడిసి ముద్దయిన దస్త్రాలను లెక్క రాసుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. నష్టాల ఫారంలో వాటికి గడి లేదు. ఆనాడు ఊరికొక మనిషి దగ్గర ‘ఫలానా ఇంట్లో ఫలానా కట్ట వుంది’ అని చిట్టా రాసి వుంటే, ఏం పోయిందో కనీసం తెలిసేది.

ఈ ప్రాంతపు చరిత్ర వెతకడంలో మరో చిక్కు కూడా వుంది. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి వరకు వున్న ఊళ్లు 1936 వరకు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో వుండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాంలో అధిక భాగం అటు పోగా, ఈ ఊళ్లు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్లో పలాస రెవెన్యూ డివిజన్ అయింది. అందువల్ల మందస పక్కనున్న ఒక చిన్న ఊరి సంగతి తెలియాలన్నా శ్రీకాకుళంలో వెతికితే సరిపోదు. విశాఖపట్నంలో వెతకాలి, ఒరిస్సా వెళ్లి గంజాం రికార్డుల్లో వెతకాలి, అక్కడా దొరకకపోతే మద్రాసు ఎగ్మూరులోని పాత రికార్డు ఆఫీసు మెట్లెక్కాలి. మాల్ట్‌బీ దొర రాసిన గంజాం జిల్లా మాన్యువల్ 1882లోనే అచ్చయింది. ఈ ఊళ్ల ప్రస్తావన అందులో వున్నదని మన బడిపంతుళ్లలో ఎందరికి తెలుసు?

జీతం లేకుండా చేసినవారు

ఇటువంటి పని జీతం ఆశించకుండా చేసినవారు ఈ నేలకు కొత్త కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. శాసనాలు చదవమని ఆయనకు ఏ ప్రభుత్వ శాఖా జీతం ఇవ్వలేదు. ముఖలింగం గుడి గోడల మీద ఏం రాసి వుందో తెలుసుకోవాలన్న పట్టుదలతో పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు. వజ్రహస్తుని నడగాం రాగిరేకులను చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గుర్తించినదీ ఆయనే. సవరల భాష నేర్చుకోవడానికి ఆ భాష వచ్చిన మనిషిని సొంత ఖర్చుతో ఇంట్లో పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండలు వేస్తున్నాము. దండ వేసినవారిలో ముఖలింగం శాసనం ఒక్క పంక్తి చదవగలవారు ఎందరో ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఒక్క మనిషి పట్టుదల అలా వుంటే, నలుగురు కలిసి చేసిన పనికి రాజమండ్రి ఉదాహరణ వుంది. అక్కడ 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. 1930లో ఆ మండలి ‘కళింగదేశ చరిత్ర’ను ప్రచురించింది. అంటే మన ప్రాంతపు చరిత్రను గోదావరి ఒడ్డున కూర్చున్నవారు కూర్చి ఇచ్చారు. మండలిలో ముఖ్యుడైన రాళ్లబండి సుబ్బారావుగారి పేరనే నేడు రాజమండ్రిలో ప్రభుత్వ మ్యూజియం వుంది. హైదరాబాదులో నిజాం పాలనలో 1923లో పెట్టిన లక్ష్మణరాయ పరిశోధక మండలి వారు తెలంగాణా పల్లెల శాసనాలు సేకరించి అచ్చువేశారు. వారిని ఆనాటి ప్రభుత్వం నెత్తిన పెట్టుకున్నదేమీ లేదు.

అంత దూరం పోనక్కరలేదు. శ్రీకాకుళం పట్టణంలో కథానిలయం వుంది. రిటైరయిన బడిపంతులు, కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. తనకు అవార్డులుగా వచ్చిన సొమ్ము దానికే పెట్టారు. ఎవరింట్లో పాత పత్రికలున్నా అడిగి తెచ్చి, ఏ కథ ఏ పత్రికలో ఏ తేదీన వచ్చిందో నమోదు చేయించారు. 2021లో 96 ఏళ్ల వయసులో మాస్టారు కన్నుమూశారు. కథానిలయం మూతపడలేదు. నమోదు అన్నది ఒకరి జ్ఞాపకంలో కాక పుస్తకంలో, కంప్యూటరులో వుండబట్టి ఆ తర్వాతివారు అందుకోగలిగారు. పలాసలోనో టెక్కలిలోనో చరిత్ర సంఘం పెట్టేవారు ముందుగా ఒక్క పూట శ్రీకాకుళం బస్సెక్కి వెళ్లి ఆ బీరువాల మధ్య తిరిగి రావడం మంచిది.

ఎవరి పని ఏమిటి

అన్నిటికంటే ముందు కావలసినది చిట్టా రాసే మనిషి. అధ్యక్షుడు లేకపోయినా చరిత్ర సంఘం నడుస్తుంది. చిట్టా లేకపోతే ఒక్క నెల నడవదు. పని పెద్దదేమీ కాదు. గట్టి అట్ట వేసిన పొడుగు రిజిస్టరు ఒకటి చాలు. వచ్చిన వస్తువుకు వరుస నంబరు, వచ్చిన తేదీ, ఎవరి ఇంటి నుంచి, ఎవరి చేతి మీదుగా వచ్చింది, దానమా ఎరువా, ఏ స్థితిలో వుంది, ఏ పెట్టెలో పెట్టారు అని రాసి, ఇచ్చినవారి చేత సంతకమో వేలిముద్రో పెట్టించాలి. వారికి రశీదు ఇవ్వాలి. కాగితం వెనక నంబరు పెన్సిలుతో వేయాలి గాని బాల్‌పెన్నుతో వేయరాదు. ఈ మాత్రం పనికి డిగ్రీలు అక్కరలేదు. కిరాణా కొట్లో పద్దు రాసే కుర్రవాడు ఎం.ఏ. చదివినవాడి కంటే బాగా చేయగలడు. కావలసిందల్లా ప్రతి ఆదివారం రెండు గంటలు కూర్చునే ఓపిక.

రశీదు మాట ఎందుకు నొక్కి చెప్పవలసి వస్తున్నదంటే, ఊళ్లలో నమ్మకం ఎప్పుడో చెడింది. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి చూసి ఇస్తానని పట్టుకెళ్లిన తాటాకు కట్ట తిరిగి రాలేదన్న ఫిర్యాదు తరచు వినిపిస్తుంది. ఒకసారి దెబ్బతిన్న ఇంటివారు రెండోసారి పెట్టె మూత తెరవరు. వారిని తప్పు పట్టడానికి లేదు. ఈ రోజుల్లో ప్రతివారి జేబులో ఫోను వుంది. వారింటి అరుగు మీదనే, వారి ఎదుటనే ఫొటో తీసుకుని వస్తువును వారికే వదిలి రావడం అన్ని విధాలా శ్రేయస్కరం. అయితే ఫొటో తీసి వూరుకుంటే చాలదు. ఏ ఊరు, ఎవరిల్లు, ఏ తేదీ అన్నది అదే రోజు చిట్టాలో ఎక్కాలి. ఫోను పాడైన రోజున మిగిలేది చిట్టాయే.

రెండోది వినే పని. ఇది చిట్టా కంటే కష్టం. చాలామందికి మాట్లాడటం వచ్చు, వినడం రాదు. ముసలాయన బర్మా నడక గురించి చెప్పబోతుంటే మధ్యలో అడ్డుపడి ‘అంటే బ్రిటిషువాళ్లు అన్యాయం చేశారన్న మాట’ అని వీరే తీర్పు చెప్పేస్తారు. ఆయన తల వూపి వూరుకుంటాడు. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. సంవత్సరం ఎంత అని నిలదీస్తే ఎవరూ చెప్పలేరు. పెద్ద కొడుకు పుట్టాక జరిగిందా, ఏ తుపానుకు ముందు, టెక్కలి చిన్న రైలు నడుస్తున్న రోజుల్లోనా అని అడిగితే లెక్క తనంతట తానే తేలుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, తోటలో పని లేని వేళ చూసి వెళ్లాలి. మాట్లాడినది ఫోనులో పట్టుకునే ముందు అనుమతి అడగాలి. ఇది ఎవరికీ చెప్పవద్దు బాబూ అన్న మాటను చెప్పనివ్వకుండా దాచాలి. ఆడవాళ్ల దగ్గరకు ఆడవాళ్లే వెళ్లాలి. జీడి బట్టీల్లో పిక్కలు కొట్టి, పప్పు వొలిచి చేతులు నల్లబడిన ఆడకూలీలు పలాస పరిశ్రమ చరిత్రకు అసలు సాక్షులు. ఇంతవరకు ఎవరో షావుకారు ఎన్ని బస్తాలు ఎగుమతి చేశాడన్నదే చరిత్ర అనుకుంటున్నారు. డ్వాక్రా సంఘాల్లో పుస్తకాలు రాసే ఆడపిల్లలు ఈ పనికి అన్ని విధాలా తగినవారు.

రాసేటప్పుడు వారి మాటను వారి యాసలోనే రాయాలి. ఉద్దానపు ముసలమ్మ నోటి మాటను పాఠ్యపుస్తకపు భాషలోకి దిద్దితే మాట పోతుంది, మనిషీ పోతుంది. వాడుక భాష కోసం జన్మంతా పోరాడిన గిడుగువారి జిల్లాలో ఈ సంగతి విడమరచి చెప్పవలసి రావడం విడ్డూరం.

మూడోది చదివే పని. ఇక్కడి పాత కాగితాల్లో ఒడియా వుంది, గొలుసుకట్టు తెలుగు వుంది, తాటాకు మీద గంటంతో రాసినవి వున్నాయి. మందస, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు ఎన్నో వున్నందున ఒడియా చదవగలవారికి కొరత లేదు. వారిని సంఘంలోకి పిలవడమే తక్కువ. గొలుసుకట్టు చదవగలిగిన రిటైరయిన గుమాస్తాలు, పాత కరణాల ఇళ్లవారు ఇంకా కొద్దిమంది మిగిలి వున్నారు. వారి దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు ఆరు నెలలు కూర్చుంటే ఆ విద్య మరో యాభై ఏళ్లు బతుకుతుంది. ఒక జాగ్రత్త: అక్షరాలు కనపడటానికని తాటాకు మీద నీళ్లు చల్లడం, గుడిలో శాసనం మీద సుద్దముక్కతో, రంగుతో దిద్దడం చేయరాదు. సున్నం కొట్టించి శాసనాలు పూడ్చేసిన గుళ్లు చాలవా?

చట్టం సంగతి కూడా ఒకరు తెలుసుకుని వుండాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన విలువైన వస్తువు ఖరీదు పది రూపాయలు దాటితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. నూరేళ్లు పైబడిన విగ్రహాలు, నాణేలు, డెబ్బయి అయిదేళ్లు పైబడిన వ్రాతప్రతుల విషయంలో 1972 నాటి పురావస్తువుల చట్టం వుంది. చెరువులో విగ్రహం దొరికిందని సంఘం వారే తెచ్చి గదిలో పెట్టుకుంటే మంచికి పోయి కేసులో ఇరుక్కుంటారు. గునపం పట్టుకుని దిబ్బలు తవ్వడం అసలే పనికిరాదు. సంఘం పని తవ్వడం కాదు. తహశీల్దారుకు కాగితం పెట్టడం, దొరికిన చోటు గుర్తు రాసుకోవడం, నిధుల కోసం రాత్రిపూట తవ్వేవారి మీద కన్నేసి వుంచడం.

ఇక డబ్బు. ఏడాదికి అయ్యే ఖర్చు రిజిస్టర్లు, ఇనప పెట్టె, బస్సు చార్జీలు. కోశాధికారి నెలకోసారి జమాఖర్చు కాగితం గోడకు అంటిస్తే చాలు, సగం తగవులు రావు. పెట్టెకు రెండు తాళాలు వేసి చెవులు ఇద్దరి దగ్గర, అదీ రెండు వేర్వేరు వీధుల వారి దగ్గర వుంచాలి.

బడి పిల్లలతో అయ్యే పని ఒకటుంది. దాన్ని ఇంతవరకు ఎవరూ తలపెట్టినట్టు లేదు. ప్రతి ఊళ్లోనూ పొలాలకు, చెరువులకు, గట్లకు పేర్లున్నాయి. ఆ పేర్లలోనే సగం చరిత్ర వుంది. ఎక్కడ పాత ఊరు వుండేదో, ఎక్కడ ఉప్పు మళ్లు వుండేవో, ఏ కులం వారు ఏ దిక్కు నుంచి వచ్చారో పొలం పేరు చెబుతుంది. సర్వే నంబర్లు వచ్చాక ఆ పేర్లు కొంత మరుగున పడ్డాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో ఆ నంబర్లు కూడా మారి ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. పొలం పేర్లు తెలిసినవారు నేటి రైతుల్లో పెద్దవారే. తొమ్మిదో తరగతి పిల్లలు తలా ఒక తాతను పట్టుకుని పొలం గట్ల వెంట నడిస్తే, ఒక్క ఏసవి సెలవుల్లో ఊరి పటం తయారవుతుంది.

తగవులు రాకుండా వుండవు

చరిత్ర అనేసరికి ప్రతి కులంవారికీ ఒక రాజవంశం కావాలి. ప్రతి పార్టీకీ ఒక అమరవీరుడు కావాలి. ఈ ప్రాంతంలో నిన్నటి చరిత్ర కూడా పచ్చి పుండే. 1967 నుంచి 1970 వరకు సాగిన గిరిజన రైతాంగ పోరాటంలో బొడ్డపాడు వంటి ఊళ్లు ఎంత పోగొట్టుకున్నాయో తెలిసిందే. 2010 జులై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర థర్మల్ కేంద్రాలకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళనల్లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయారు. ఆనాటి కరపత్రాలు, కేసుల కాగితాలు, పాటల కాసెట్లు అప్పుడే కనపడకుండా పోతున్నాయి. వాటిని చేర్చవలసిన బాధ్యత సంఘానిదే. ఎవరిది తప్పు అని తేల్చే బాధ్యత మాత్రం సంఘానిది కాదు. ఉద్యమంలో వున్న ఇంటివారు చెప్పింది ఒక పేజీ, కేంద్రం వస్తే ఉద్యోగాలు వచ్చేవన్నవారు చెప్పింది మరో పేజీ, ఆ రోజు డ్యూటీలో వున్న కానిస్టేబులు చెబితే అదీ ఒక పేజీ. జమీందారు వంశం వారి కాగితాలనూ అలాగే తీసుకోవాలి. వాటిని వదిలేస్తే గున్నమ్మ ఎవరిని ఎదిరించిందో రేపటివారికి అర్థం కాదు. ఏదైనా పార్టీ పదవిలో వున్నవారిని సంఘంలో చిట్టా, తాళం పనులకు పెట్టకపోవడం క్షేమం. వేదిక మీద కుర్చీ ఇస్తే వారూ సంతోషిస్తారు.

ఇదంతా పల్లెటూరి వారితో అవుతుందా అని పట్నవాసులు పెదవి విరవవచ్చు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా వలస వచ్చే పెలికాన్లను, కొంగలను ఊరివారు ఎన్నో ఏళ్లుగా కాపాడుకుంటూ వస్తున్నారు. పక్షులు వస్తే ఊరికి మంచిదన్న నమ్మకంతో, తమ పెరటి చెట్ల మీద గూళ్లు కట్టినా వాటిని ఎవరూ తరమరు. వాటికి అడ్డం రావద్దని పిల్లలకు ఎవరు చెప్పాలి, రాయి విసిరినవాణ్ణి ఎవరు మందలించాలి అన్నది ఊళ్లో అందరికీ తెలుసు.

నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు 2004లో ఆగిపోయి, ఆ దారినే బ్రాడ్‌గేజి వచ్చింది. ఆ రైలు నడిపినవారు, పట్టాలు చూసుకున్న గ్యాంగుమెన్లు, స్టేషన్ల దగ్గర జంతికలు, పనస తొనలు అమ్మినవారు ఇంకా వున్నారు. కొత్తగా పెట్టే సంఘం ఏదైనా తన మొదటి పనిగా దీన్ని తీసుకోవచ్చు. ఇందులో కులం లేదు, పార్టీ లేదు, చెప్పేవారికి సరదా, వినేవారికి సరదా. దానితో చేయి తిరిగాక కష్టమైన సంగతుల జోలికి వెళ్లవచ్చు.

చిట్టా వుంచడానికి చోటు లేదనడం కూడా సరికాదు. శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా, లేదా హైస్కూల్లో ఒక గది మూల చాలు. గ్రామసభలో తీర్మానం చేయించి పంచాయతీ ఆఫీసు నుంచి గ్రంథాలయానికి కాగితం పంపితే కాదనేవారు వుండరు. తుపాను ప్రాంతం గనుక పెట్టె నేలమీద గాక మూడడుగుల ఎత్తున, డాబా ఇంట్లోనే వుండాలి. చిట్టాకు నకలు ఒకటి వేరే ఊళ్లో వుంచాలి.

సంక్రాంతికి మద్రాసు, హైదరాబాదు, భువనేశ్వరం వలస పోయినవారంతా ఊళ్లకు వస్తారు. ఇళ్లకు సున్నాలు వేయడం, అటకలు దులపడం అప్పుడే. పనికిరావనుకున్న కాగితాలు భోగిమంటలో పడేది కూడా అప్పుడే. చిట్టా రాసే మనిషి ఎవరో ముందే ఖాయమై, ఆ వారం రోజులు రిజిస్టరు చంకన పెట్టుకుని వీధుల్లో తిరిగితే ఒక్కొక్క ఊళ్లో ఒక్క దస్త్రం కట్టయినా మంటలో పడకుండా ఆగుతుంది.